కళాశాల కోర్టు విడిచి వెళ్లని కోచ్

వరుస విజయాలు సాధించిన కళాశాల బాస్కెట్‌బాల్ కోచ్ వృత్తి లీగ్‌కు, అంటే యాజమాన్యాలు ఆటగాళ్లకు జీతమిచ్చి జట్లు నడిపే పోటీకి, వెళ్లకుండా ఉన్నచోటే ఉండిపోవడాన్ని ఎదుగుదల వద్దనుకోవడంగా భావించడం పొరపాటు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ జట్టుకు 1980 నుంచి 2022 వరకు శిక్షణ ఇచ్చిన మైక్ షషెఫ్‌స్కీ, 2004లో వృత్తి జట్టు లాస్ ఏంజెలిస్ లేకర్స్ పిలిచినా వెళ్లలేదు. 1997లో కెంటకీ విశ్వవిద్యాలయాన్ని వదిలి బోస్టన్ సెల్టిక్స్‌కు వెళ్లిన రిక్ పిటినో, గెలుపుల కన్నా ఓటములే ఎక్కువై 2001లో తిరిగి కళాశాల ఆటకే వచ్చారు. ఒక్కో జట్టు సీజన్‌కు 82 మ్యాచ్‌లాడే ఆ అమెరికా వృత్తి లీగ్‌లో సాధనకు దొరికే సమయం తక్కువ, ఆటగాడి జీతం కోచ్ జీతాన్ని మించడం మామూలే, జట్టులో ఎవరుండాలన్నది తరచుగా యాజమాన్యం నిర్ణయం; కళాశాలలో మాత్రం ఎంపిక, శిక్షణ, క్రమశిక్షణ మూడూ చాలావరకు కోచ్ చేతిలోనే ఉంటాయి.

భారతదేశంలో వృత్తి లీగ్ అనే దారే ఇరుకు. 2015లో మొదలైన యూబీఏ బాస్కెట్‌బాల్ లీగ్ 2017 తర్వాత సాగలేదు. అందువల్ల ఏలూరులో 1945లో స్థాపితమైన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల, తాడేపల్లిగూడెంలో 2015లో ప్రారంభమైన నిట్ వంటి విద్యాసంస్థల ప్రాంతంలో కోచ్ వృత్తిని కోరుకునే యువతకు, విద్యార్థులు 'పీడీ సార్' అని పిలిచే వ్యాయామ విద్యా సంచాలకుని పనే నిజమైన గమ్యమని చెప్పాలి.

ఆ పనిలోని సారం దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. గుడివాకలంక, శ్రీపర్రు వంటి కొల్లేటి గ్రామాల నుంచి ఏలూరుకు చదువుకు వచ్చే కుర్రవాడు కబడ్డీ ఆడి పెరిగినవాడైతే, మోకాళ్లు వంచి, బరువు మునివేళ్ల మీద ఉంచి, అడుగులు ముడిపడకుండా పక్కకు జరగడం అతనికి ముందే వచ్చి ఉంటుంది, డిఫెన్స్‌కు కావలసిందీ అదే. బంతిని చూడకుండా డ్రిబుల్ చేయడం మాత్రం మొదటినుంచీ నేర్పాలి. అతని ఊరికి ఆఖరి బస్సు ఎప్పుడో తెలుసుకుని సాయంత్రపు సాధన వేళను కుదుర్చుకోవడం కూడా కోచ్ బాధ్యతే. మూడు, నాలుగేళ్లపాటు ఒకే విద్యార్థిని ఇలా తీర్చిదిద్దే అవకాశం వృత్తి జట్టులో అరుదు.

అర్హతల విషయానికొస్తే, డిగ్రీ తర్వాత ఏపీ పీఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా రెండేళ్ల బీపీఈడీ, ఆపైన రెండేళ్ల ఎంపీఈడీ, తర్వాత వ్యాయామ విద్యలో నెట్ అర్హత పరీక్ష వరుసగా పూర్తి చేయాలి; 1961లో పటియాలాలో ఏర్పడిన జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమా అదనపు బలం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రవేశ స్థాయి మూలవేతనం రూ.57,700, దేహదారుఢ్య పరీక్షలో 30 ఏళ్లలోపు పురుషులు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, మహిళలు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు పరుగెత్తాలి. అయితే ప్రైవేటు కళాశాలల కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఈ వేతనం దొరుకుతుందని అనుకోరాదు. జీతం, పీఎఫ్, సాధనకు కేటాయించే సమయం, కోర్టు నిర్వహణ ఖర్చు ఎవరిదన్న సంగతి చేరకముందే రాతపూర్వకంగా అడగడం అవసరం, ఎందుకంటే ఎంతో నైపుణ్యం గల కోచ్‌లు ఈ రంగాన్ని వదిలిపోవడానికి ఇలాంటి ఉద్యోగాల్లోని అభద్రతే కారణమవుతోంది, అది బాధాకరమైన నష్టం.

ఉన్నచోట ఉంటూనే పై స్థాయిలో పనిచేయవచ్చు. డ్యూక్‌లో కొనసాగుతూనే షషెఫ్‌స్కీ 2008, 2012, 2016 ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు స్వర్ణాలు సాధించిపెట్టారు. ఇక్కడి పీడీకి విశ్వవిద్యాలయ జట్టు వెంట సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు కోచ్‌గా వెళ్లడం, రాష్ట్ర జట్టు శిక్షణ శిబిరాల్లో పనిచేయడం ఆ కోవలోని అవకాశాలే.