చింతపిక్కలు లెక్కపెట్టి ఇవ్వండి

చేయవలసినవి

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇంట్లో నేర్పడానికి విడిగా ఏమీ కొననక్కర్లేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ నాన్న చొక్కా ఏది, చెల్లి గౌను ఏది అని వేరుచేయించండి. రాత్రి కథ చెబుతూ మధ్యలో ఆగి, "అప్పుడు నక్క ఏం చేసుంటుంది?" అని అడగండి. జవాబు ఎలా వచ్చినా దిద్దకుండా కథని ఆ దారినే పోనివ్వండి. అంగన్‌వాడీకి పంపుతుంటే ఆ వారం ఏ పాట చెప్పారో టీచరమ్మని అడిగి ఇంట్లోనూ అదే పాడండి.

లెక్కలకు చింతపిక్కలు బాగుంటాయి, కాస్త ఎదిగిన పిల్లకైతే. ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో తిరుగుతుంటే చెంచాలు, ఉల్లిపాయలు, గిన్నె మూతలు చాలు. పిక్కలు ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇవ్వండి, ఆటయ్యాక లెక్కపెట్టి తీసుకోండి. పది ఇస్తే తొమ్మిదే వచ్చాయా, పదోది మంచం కింద దొరికాకే అక్కణ్ణుంచి లేవండి. పిల్లకు అదీ లెక్కే.

బలపం కొరికి తింటుంటే తిట్టకుండా డాక్టరుకు చూపించండి. ఒంట్లో ఇనుము తక్కువైన పిల్లలు అలా తినడం మామూలే.

చేయకూడనివి

గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా లెక్కలకు ఇవ్వొద్దు. వాటిలో అబ్రిన్ అనే విషం ఉంది. గట్టి పెంకు ఉన్నంతసేపు అది లోపలే ఉంటుంది గానీ, నమిలినా, దండ కోసం బెజ్జం వేసినా ఆ అడ్డు పోయినట్టే. ఆముదం గింజలూ అంతే.

అక్షరాలు పలికే బొమ్మలు కొంటే బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూడకుండా చేతికివ్వకండి. బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నాలు మాని ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తండి.

ముక్కులో శనగగింజ దూర్చుకుంటే పిన్నీసుతో కెలకొద్దు, నీళ్లు పోయొద్దు. తడికి ఉబ్బి మరింత బిగుసుకుంటుంది.

చదువు వీడియోలే కదా అని ఫోన్ చేతిలో పెట్టి మీ పనిలో పడిపోకండి. రెండేళ్లలోపు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అక్షరాభ్యాసం అయిందని మర్నాటి నుంచే వేలు నొక్కిపట్టి దిద్దించడమూ వద్దు. వేళ్లకింకా అంత పట్టు ఉండదు.

గొంతుకు ఏదైనా అడ్డంపడి దగ్గలేక, ఏడవలేక ఉంటే కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి తడమకండి. ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే, ఏడాది దాటిన పిల్లలకైతే, వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. ఏడాదిలోపు పసివాళ్లకు పొట్ట నొక్కకూడదు, రొమ్ము మధ్య ఒక అరచేతి మడమతో నొక్కాలి. ఈలోగా పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి.