‘పడదు’ అన్న మాట నుంచి ప్రయోగశాల దాకా

అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఎండాకాలంలో జీడిపిక్కలు ఏరినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, తొక్క రసం తగిలితే చేతులు పొక్కుతాయి. భద్రాచలం అడవిలో నల్లజీడి ఏరేవాళ్లకూ అంతే. మామిడి సొనకు మూతి పొక్కిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఈ మూడూ ఒకే కుటుంబపు చెట్లు. ఇంకొందరు తొక్క ముట్టుకోరు. పాయసంలో రెండు జీడిపలుకులు తింటే చాలు, నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఒక్కోసారి ఊపిరాడదు. మనం రెండింటికీ ‘పడదు’ అనే అంటాం. కానీ మొదటిది తొక్క నూనె చర్మం మీద చేసే పని, తీరిగ్గా ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. రెండోది పప్పులోని ప్రొటీన్‌కు ఐజీఈ అనే ప్రతిరక్షకం ఎదురుతిరగడం, ప్రాణం మీదికి తెస్తుంది. ఈ తేడాలు తేల్చడమే కొందరికి వృత్తి. బైపీసీ చదువుతున్న మన ప్రాంతపు పిల్లలు ఈ వృత్తి గురించి తెలుసుకోవాలని నా కోరిక.

అలర్జీ ఎలా మొదలవుతుందో చూడడానికి ఏ పసివాడికీ కావాలని జబ్బు తెప్పించలేం. అందుకే చిట్టెలుక. అయితే దానికి ఊరికే తిండి పెడితే అలర్జీ రాదు. ప్రొటీన్‌ను అల్యూమినియం లవణంతో కలిపి సూదితోనో, కలరా టాక్సిన్‌తో కలిపి నోటి ద్వారానో వారాల తరబడి ఇస్తారు. చివరికి ఒక పెద్ద మోతాదు ఇచ్చి, పంజరం ముందు కూర్చుంటారు. ముక్కు, తల గోక్కుంటోందా? కళ్ల చుట్టూ ఉబ్బిందా? మూలకు చేరి కదలకుండా ఉందా? ఒక్కో లక్షణానికీ ఒక్కో అంకె వేస్తారు. ఒంటి వేడి ఎన్ని డిగ్రీలు పడిందో కొలుస్తారు, ఎందుకంటే ఈ స్థితిలో చిట్టెలుక ఒళ్లు చల్లబడుతుంది. ఏ ఎలుకకు ఏమిచ్చారో అంకెలు వేసేవారికి తెలియకూడదు. లక్నోలోని విషశాస్త్ర పరిశోధన సంస్థ (ఐఐటీఆర్) శాస్త్రవేత్తలు శనగ, రాజ్మా ప్రొటీన్లను బాల్బ్‌-సి జాతి చిట్టెలుకల్లోనే పరీక్షించారు. మన వంటింటి పప్పుల మీద మన దేశంలో జరిగిన పని అది.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఎలుక మేత. మామూలు మేతలో సోయా ఉంటుంది. పుట్టుక నుంచీ సోయా తిన్న ఎలుక ఒళ్లు దాన్ని తనదిగా ఒప్పేసుకుంటుంది, ఇక సోయా అలర్జీ ప్రయోగం తప్పుదారి పడుతుంది. ఇది కొత్త సంగతి కాదు. 1911లోనే వెల్స్ అనే అమెరికా శాస్త్రవేత్త మొక్కజొన్న తిని పెరిగిన గినీపందులకు మొక్కజొన్న ప్రొటీన్‌తో అలర్జీ తెప్పించలేకపోయాడు. ఆ ఆలోచనే శతాబ్దం తర్వాత పిల్లల దాకా వచ్చింది. 2015లో లండన్ పరిశోధకులు, ముప్పు ఎక్కువున్న పసివాళ్లకు ఏడాది నిండకముందే వేరుశనగ అలవాటు చేస్తే ఐదేళ్ల వయసుకు ఆ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గిందని చూపారు. మేత బస్తా మీది చీటీ చదివే మనిషి కూడా శాస్త్రానికి అంత అవసరం.

ఇక దారులు. బయోకెమిస్ట్రీ, జువాలజీ, బయోటెక్నాలజీ, న్యూట్రిషన్‌లలో ఏదైనా డిగ్రీ, ఆపై ఎమ్మెస్సీ, తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. గిరిజన విద్యార్థులకు పీహెచ్‌డీ చేయడానికి కేంద్రం ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం పిల్లలు దీన్ని వదులుకోకూడదు. పశువైద్యం చదివినవారికి మరో తలుపుంది. జంతువుల మీద ప్రయోగాలు చేసే ప్రతి సంస్థ నైతిక కమిటీలోనూ పశువైద్యుడు ఉండి తీరాలి. ఫార్మసీవాళ్లకు ఎం.ఫార్మ్‌లో ఫార్మకాలజీ ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికొచ్చింది. ప్రయోగశాల జంతువుల పెంపకంలో దానికి దీర్ఘానుభవం. సిబ్బంది శిక్షణ, ఎమ్మెస్సీ ప్రవేశాల ప్రకటనల కోసం దాని వెబ్‌సైట్ చూస్తుండండి. ఉద్యోగాలకు హైదరాబాద్ శివారు జినోమ్ వ్యాలీలో విమ్టా లాంటి పరీక్షల కంపెనీలున్నాయి.

ఒక మాట ముందే చెప్పాలి. చాలా ప్రయోగాల చివర ఎలుకను చంపుతారు, నొప్పి తెలియకుండా, నిబంధన ప్రకారం. మీ మనసు దానికి ఒప్పుకోకపోతే అది తక్కువతనం కాదు, కణాలతో పనిచేసే దారి ఉంది. 2023లో మన కొత్త ఔషధాల నిబంధనలు సవరించి అలాంటి పద్ధతులకూ చోటిచ్చారు. ఎలుకలతో పనిచేయాలనుకున్నా ఆ కణాల పెంపకం (సెల్ కల్చర్) నేర్చుకోండి. ఇక ఎలుకతో పనంటే ఓర్పు కావాలి, మోటుగా పట్టుకుంటే అది బెదిరి దాని ఒళ్లే మారిపోతుంది, అంకెలూ మారతాయి. అందుకే మేకల్నీ కోళ్లనీ చూస్తూ పెరిగి, ఒక జీవి నలతగా ఉందని దూరం నుంచే గుర్తుపట్టే పిల్లలు ఈ పనికి సగం నేర్చుకుని వచ్చినట్టే.

ఆ చూపుకు పదును పెట్టడానికి ఈ సెలవుల్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఇంట్లో, వీధిలో ఎవరికి ఏది పడదో అడిగి రాసుకోండి. ఎవరికీ తినిపించి మాత్రం చూడకండి. ఏం తిన్నారు, ఎంత, ఎన్ని నిమిషాలకు, మొదట ఏం కనబడింది, ఇంతకుముందూ ఇలాగే అయిందా అన్నవి రాయాలి. ‘శనగపిండి బజ్జీ రెండు, సాయంత్రం 5 గంటలకు. 5:20కి నాలుక దురద, తర్వాత మెడ మీద దద్దుర్లు. పోయిన సంక్రాంతికీ అంతే’ అన్నట్టు.