రిపోర్టులు నార్మల్, క్లెయిము నామంజూరు

గుండెదడతో ఆసుపత్రిలో చేరిన మనిషికి పరీక్షలన్నీ నార్మల్ అని వస్తే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. బీమా కంపెనీ మాత్రం ఆ నార్మల్ రిపోర్టులనే చూపించి డబ్బు ఇవ్వనంటుంది. జబ్బేమీ లేనప్పుడు రెండు రోజులు మంచమెక్కడం దేనికన్నది దాని వాదన. హయాటస్ హెర్నియా ఉన్నవాళ్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ. వాళ్ల బాధ పొట్టలో మొదలై ఛాతీలో తెలుస్తుంది, గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంది, చివరికి గ్యాస్ట్రో డాక్టరు చీటీతో ముగుస్తుంది. ఈ తిరుగుడులో ఫైలులో పడే ఒక్కో మాట తర్వాత క్లెయిము భవిష్యత్తును తేలుస్తుంది.

పొట్టకీ ఛాతీకీ మధ్య గొడుగులా పరుచుకున్న కండరాన్ని డయాఫ్రం అంటారు. అన్నవాహిక అందులోని సందు గుండా దిగి జీర్ణాశయాన్ని కలుస్తుంది. ఆ సందు వదులై జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జరిగితే అదే హయాటస్ హెర్నియా. బొడ్డు దగ్గరో గజ్జల్లోనో ఉబ్బుగా బయటికి కనిపించే రకం కాదిది. ఎండోస్కోపీలోనో బేరియం ఎక్స్‌రేలోనో బయటపడుతుంది. చాలామందికి అసలు బాధే ఉండదు. కొందరికి ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, కడుపునిండా తిని నడుం వాల్చగానే దడ. హెర్నియా బాగా పెద్దదైతే గుండె ఎడమవైపు పైగదికి వెనకనుంచి ఒత్తిడి తగలవచ్చు. మంట తగ్గడానికి ఏళ్ల తరబడి పాంటోప్రజోల్ లాంటి మాత్రలు వాడేవారిలో కొందరికి రక్తంలో మెగ్నీషియం పడిపోయి, అందువల్ల కూడా గుండె లయ తప్పవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది.

దడకు ఇన్ని దారులున్నాయి కాబట్టే దాన్ని 'గ్యాసేలే' అని ఇంట్లో తేల్చేయకూడదు. దడతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అక్కడ ఈసీజీ తీస్తారు, ట్రోపోనిన్ పరీక్ష చేస్తారు, రాత్రంతా మానిటర్ మీద ఉంచుతారు. వైద్యం చెప్పిన ఈ పని చేసిన రోగికే తర్వాత తిరస్కరణ లేఖ వస్తుంది. ఆ లేఖలో సాధారణంగా కనిపించేవి మూడు కారణాలు.

'పరీక్షల కోసమే చేరారు'

ఆరోగ్య బీమా పాలసీల్లో మినహాయింపులకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే తరహా మాటలు, కోడ్‌లు నిర్ణయించింది. వాటిలో ఎక్స్‌క్లూజన్ 04 ప్రకారం ప్రధానంగా రోగనిర్ధారణ, పరీక్షల కోసం మాత్రమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు రాదు. దడ కేసుల్లో కంపెనీలు ఎక్కువగా పట్టుకునేది ఈ కోడ్‌నే.

అయితే 'ప్రధానంగా', 'మాత్రమే' అన్న రెండు మాటలూ పాలసీదారుకు పనికొచ్చేవే. రోగిని చేర్చుకునేసరికి నాడి ఎంత ఉంది, బీపీ ఎంత, డ్యూటీ డాక్టరు దేన్ని అనుమానించారు, సెలైన్ గానీ ఇంజెక్షన్ గానీ ఇచ్చారా, గుండె లయను అదుపు చేసే మందు వాడారా అన్నవి కేస్ షీటులో ఉంటే అది ఒట్టి పరీక్షల చేరిక కాదని వాదించవచ్చు. గుండెపోటు కాదని మర్నాడు తేలడం వేరు, ముందురాత్రి ఆ అనుమానానికి ఆధారం లేకపోవడం వేరు. అందుకే డిశ్చార్జి సమ్మరీలో 'పరిశీలన కోసం చేర్చుకున్నాం' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, వచ్చినప్పటి లక్షణాలూ ఇచ్చిన చికిత్సా వివరంగా రాయమని డాక్టరును అడగాలి. జరిగింది రాయమనడం రోగి హక్కు. జరగనిది రాయించుకుంటే అది మోసం, పాలసీకే ఎసరు.

'హెర్నియాకు ఇంకా గడువుంది'

2020 ఏప్రిల్ 1 నుంచి అందుబాటులోకి వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో 24 నెలల వెయిటింగ్ పీరియడ్ ఉన్న జబ్బుల జాబితా ఉంది. కంటి శుక్లం, జీర్ణాశయపు పుండ్లతోపాటు 'అన్ని రకాల హెర్నియాలు' అందులో ఉన్నాయి. చాలా పాలసీల జాబితాలూ దాదాపు ఇలాగే ఉంటాయి. ఈ గడువు ఎంత పెట్టుకున్నా 36 నెలలు మించకూడదని 2024 నిబంధనలు చెబుతున్నాయి.

కాబట్టి పాలసీ తీసుకున్న ఏడాదికే హయాటస్ హెర్నియాకు ఫండోప్లికేషన్ ఆపరేషన్ చేయించుకుంటే డబ్బు రాకపోవచ్చు. కానీ గుండె లయ తప్పి చేరిన రోగికి ఎండోస్కోపీలో హెర్నియా కూడా ఉందని తేలినంత మాత్రాన మొత్తం బిల్లును హెర్నియా ఖాతాలో రాసేయడం కుదరదు. చికిత్స దేనికి జరిగిందన్నదే అక్కడ ప్రశ్న. పాత కంపెనీ నుంచి కొత్త కంపెనీకి పోర్ట్ అయినవారు ఇంకో విషయం చూసుకోవాలి: పాత పాలసీలో గడిచిన వెయిటింగ్ కాలం, పాత బీమా మొత్తం మేరకు, కొత్తదానిలో కలిసొస్తుంది.

'ముందే ఉన్న జబ్బును దాచారు'

ఇది అన్నిటికన్నా బరువైన ఆరోపణ. దీన్నిబట్టి క్లెయిము పోవడమే కాదు, పాలసీయే రద్దు కావచ్చు. పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినది, లేదా ఆ కాలంలో వైద్య సలహా గానీ చికిత్స గానీ పొందినది మాత్రమే నిబంధనల దృష్టిలో ముందే ఉన్న జబ్బు. దాన్ని ప్రపోజల్ ఫారంలో చెప్పి ఉంటే గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి, ఆ తర్వాత కవరేజి వస్తుంది. 2024 నిబంధనలకు ముందు ఈ హద్దు 48 నెలలు. వరసగా 60 నెలలు పాలసీ నడిచాక, రుజువైన మోసం ఉంటే తప్ప, ఏదో చెప్పలేదన్న సాకుతో క్లెయిమును ప్రశ్నించే వీల్లేదు. ఇదివరకు ఎనిమిదేళ్లున్న ఈ గడువును 2024లో ఐదేళ్లకు తగ్గించారు. మధ్యలో బీమా మొత్తం పెంచుకుంటే, పెంచిన మేరకు లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

ఫారంలో 'ఎప్పుడైనా' జీర్ణకోశ సమస్యకు చికిత్స పొందారా అని అడిగితే ఆరేళ్ల కిందటి ఎండోస్కోపీ అయినా రాయాల్సిందే. ఏజెంటు 'ఇవన్నీ ఎందుకండీ' అన్నా సంతకం పాలసీదారుదే. సుప్రీంకోర్టు 2009లో సత్వంత్ కౌర్ సంధూ కేసులో ఇదే తేల్చింది. మధుమేహం వల్ల దెబ్బతిన్న మూత్రపిండాల సంగతి చెప్పకుండా మెడిక్లెయిం తీసుకున్నారన్న కారణంతో కంపెనీ తిరస్కరించగా, కోర్టు ఆ తిరస్కరణను సమర్థించింది.

నాణేనికి రెండో వైపు 2021 డిసెంబరు 6న వచ్చిన మన్మోహన్ నందా తీర్పు. 1998లో అమెరికాలో బంధువుల పెళ్లికి బయలుదేరుతూ ఆయన విదేశీ ప్రయాణ మెడిక్లెయిం తీసుకున్నారు. మధుమేహం ఉందని ఫారంలో చెప్పారు. అక్కడ దిగగానే గుండెపోటు వచ్చి స్టెంట్లు వేయించుకోవాల్సి వచ్చింది. కొలెస్ట్రాల్ మందు వాడుతున్న సంగతి చెప్పలేదంటూ కంపెనీ డబ్బు నిరాకరించింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఫారంలో చెప్పిన ఆరోగ్య స్థితిని బేరీజు వేసి, తెలిసే పాలసీ ఇచ్చాక, అదే స్థితిని చూపించి క్లెయిము కాదనడానికి వీల్లేదంది.

దాచారని నిరూపించే భారం ఎవరిదన్న ప్రశ్నకు 2024 ఏప్రిల్‌లో మరో తీర్పు వచ్చింది. రైలు ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న కూతురు వేసిన జీవితబీమా కేసది. తండ్రికి ఉన్న ఇతర పాలసీల సంగతి దాచారని కంపెనీ ఒక పట్టిక చూపించింది. ఒట్టి పట్టిక సాక్ష్యం కాదని, నిరూపించాల్సింది కంపెనీయేనని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హయాటస్ హెర్నియా రోగికి ఇది బాగా అక్కరకొస్తుంది. ఎమర్జెన్సీ వార్డులో కంగారుగా ఉన్న బంధువు 'ఎప్పటినుంచో గ్యాస్ ట్రబులండీ' అంటే, కేస్ షీటులో అది 'అయిదేళ్లుగా ఉంది' అని పడుతుంది. దాన్నే కంపెనీ ఆధారంగా తెస్తే, పాత చీటీ ఏది, ఆనాటి పరీక్ష ఏది అని అడగవచ్చు. ఇంట్లో సోడా తాగి సర్దుకున్న మంటకు డాక్టరు నిర్ధారణ ఉండదు.

కాగితాలు చేతిలో ఉండాలి

కేస్ షీటు ఆసుపత్రి ఆస్తి అని బిల్లు కౌంటరులో చెబుతుంటారు. కానీ 2002 నాటి వైద్యుల వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం, రోగి గానీ అధీకృత సహాయకుడు గానీ అడిగిన 72 గంటల్లో ఇన్‌పేషెంట్ రికార్డులు ఇవ్వాలి. మూడేళ్లపాటు వాటిని భద్రపరచాలి. అడిగేది నోటితో కాకుండా తెల్లకాగితం మీద రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుంటే మేలు. ఈసీజీ పట్టీలు, హోల్టర్ రిపోర్టు, ఎండోస్కోపీ రిపోర్టు, నర్సుల మందుల చార్టు అన్నీ అడగాలి. మందుల చార్టే చికిత్స జరిగిందనడానికి గట్టి రుజువు.

ఎండోస్కోపీకి ముందు అనుమతి పత్రాన్ని కూడా చదివి సంతకం పెట్టాలి. పరీక్షకిచ్చిన అనుమతి ఆపరేషన్‌కిచ్చిన అనుమతి కాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికప్పుడు ప్రాణం మీదికి వస్తే తప్ప, ఫండోప్లికేషన్ లాంటిదానికి వేరుగా వివరించి వేరుగా సంతకం తీసుకోవాలి. మందులతో సరిపోతుందా, ఆపరేషన్ తప్పదా అని ఇంకో డాక్టరును అడిగే హక్కును జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం గుర్తించింది.

ఎక్కడికి వెళ్లాలి?

2024 మే 29న వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలో నిర్ణయం రావాలి. డిశ్చార్జికి తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. అది దాటి ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం కంపెనీది. క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిము పోయినట్టు కాదు, బిల్లు కట్టి రీయింబర్స్‌మెంట్ అడగవచ్చు. క్లెయిమును పూర్తిగా తిరస్కరించాలంటే కంపెనీలోని సమీక్ష కమిటీ ఆమోదం ఉండాలి, ఏ నిబంధన కింద తిరస్కరించారో లేఖలో చెప్పాలి. 'నిబంధనల ప్రకారం చెల్లదు' అని ఒక్క ముక్క రాసి పంపితే కోడ్ నంబరు అడుగుతూ తిరిగి రాయాలి.

మొదటి మెట్టు కంపెనీ ఫిర్యాదుల అధికారి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరుకూ ఫిర్యాదు చేయవచ్చు. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులు హైదరాబాద్ కార్యాలయం చూస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల రూపాయల దాకా పరిహారం ఇప్పించగలరు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయకపోతే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు చెల్లించాలి.

రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారు తాను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చన్నమాట. ఏ స్థాయి కమిషన్ అన్నది కట్టిన ప్రీమియంను బట్టి తేలుతుంది. అది 5 లక్షల లోపు ఉంటే ఫీజు ఉండదు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు, సలహాకు 1915 నంబరుంది. బీమా, ఆసుపత్రి సేవలు రెండూ శాశ్వత లోక్ అదాలత్ పరిధిలోకీ వస్తాయి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు న్యాయ సేవాధికార సంస్థకు 15100 నంబరులో ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ఒకే తగాదాను రెండు చోట్ల నడపకూడదు. కేసు కమిషన్‌లో ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అంబుడ్స్‌మన్ తీర్పు నచ్చకపోతే పాలసీదారు కమిషన్‌కు వెళ్లవచ్చు, కానీ అక్కడ కేసు వేయడానికి గడువు వివాద కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే. అంబుడ్స్‌మన్ దగ్గర ఆలస్యమవుతోందని చూస్తూ కూర్చుంటే ఆ రెండేళ్లూ కరిగిపోవచ్చు. తిరస్కరణ లేఖ అందిన తేదీని దాని మీదే రాసి, ఈమెయిల్ అయితే ప్రింటు తీసి, కేస్ షీటుతో కలిపి దాచుకోవడం ఆ రోజే చేయాల్సిన పని.