పీహెచ్‌డీ తరువాత ఏమిటి? ఖగోళ, భూభౌతిక శాస్త్రాల్లో పోస్ట్ డాక్ ఫెలోషిప్‌లు



"మా పాప ఆస్ట్రానమీ చదువుతానంటోంది. అంత చదివాక ఉద్యోగం ఉంటుందా? ఎప్పటికి సెటిల్ అవుతుంది?" పేరెంట్స్ మీటింగుల్లో ఈ ప్రశ్న ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. ఇంజినీరింగ్, మెడిసిన్ దారుల్లో ఏ మలుపు ఎక్కడ వస్తుందో మనకు తెలుసు. పరిశోధన దారిలో పీహెచ్‌డీ వరకే తెలుసు. అసలు మలుపు దాని తరువాత వస్తుంది. దాని పేరే పోస్ట్ డాక్.

పోస్ట్ డాక్ అంటే

పీహెచ్‌డీ పూర్తయినవారు రెండు మూడేళ్ల పాటు జీతంతో చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగమే పోస్ట్ డాక్. ఇది మరో డిగ్రీ కాదు. ఫీజు ఉండదు, పరీక్షలు ఉండవు. డాక్టర్లలో ఎండీ అయ్యాక సీనియర్ రెసిడెన్సీ చేసి, ఆ తరువాత అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు వెళ్లడం మనం చూస్తుంటాం. దాదాపు అలాంటి మెట్టే ఇది.

ఇందులో రెండు రకాలు ఉన్నాయి. మొదటిదానిలో ఒక ప్రొఫెసర్ తన ప్రాజెక్టు నిధులతో ఉద్యోగం ఇస్తారు, ఆయన అంశం మీదే పనిచేయాలి. రెండోది స్వతంత్ర ఫెలోషిప్. ఇందులో అభ్యర్థి తన ఆలోచనను తానే ప్రతిపాదనగా రాసి పంపుతారు. ఎంపికైతే డబ్బు అభ్యర్థి పేరు మీదే వస్తుంది. పోటీ ఎక్కువ, గౌరవమూ ఎక్కువ.

హైదరాబాద్ కుర్రవాడు, కార్నెగీ ఫెలోషిప్

వేణు బప్పు తండ్రి హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. బప్పు నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో 1949లో హార్వర్డ్ వెళ్లారు. అదే ఏడాది ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. దానికి ఆయన పేరు, సహచరులు బాక్, న్యూకర్క్‌ల పేర్లు కలిపి పెట్టారు. 1952లో పీహెచ్‌డీ పూర్తయ్యాక కార్నెగీ ఫెలోషిప్ మీద పాలోమార్ అబ్జర్వేటరీకి వెళ్లారు. ఈనాటి మాటల్లో అది పోస్ట్ డాక్.

అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి ఒక ముఖ్యమైన సంబంధాన్ని గుర్తించారు. కొన్ని రకాల నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం గీత వెడల్పును కొలిస్తే, ఆ నక్షత్రం అసలు ప్రకాశం ఎంతో చెప్పవచ్చు. అసలు ప్రకాశం తెలిస్తే దూరం లెక్కకట్టవచ్చు. 1957లో వెలువడిన ఈ ఫలితం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో విల్సన్-బప్పు ఎఫెక్ట్‌గా ఉంది. బప్పు స్వదేశానికి వచ్చి నైనిటాల్, కొడైకెనాల్, కావలూరు అబ్జర్వేటరీలను తీర్చిదిద్దారు. ఆ కొద్ది కాలపు ఫెలోషిప్‌లో నేర్చుకున్నది దేశానికే పనికొచ్చింది.

చంద్రశేఖర్ విషయంలోనూ ఈ దశ కీలకం. 1933లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ అయ్యాక ఆయన ట్రినిటీ కాలేజీ ఫెలో అయ్యారు. 1935 జనవరిలో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో, తెల్లమరుగుజ్జు నక్షత్రాల బరువుకు ఒక హద్దు ఉందని వివరించారు. ఆనాటి పెద్ద శాస్త్రవేత్త ఎడింగ్టన్ అదే వేదిక మీద దాన్ని కొట్టిపారేశారు. చంద్రశేఖర్ వయసు అప్పుడు 24. అదే సొసైటీ 1953లో ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. 1983లో నోబెల్ వచ్చింది. సొంత ఆలోచనను నిలబెట్టుకునే ఓపిక ఈ దారిలో ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

గుంటూరుతో చుట్టరికం ఉన్న ఫెలోషిప్

1820లో ఏర్పడిన ఆ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఖగోళ శాస్త్రంతో పాటు భూభౌతిక శాస్త్రాన్నీ ప్రోత్సహిస్తుంది. పీహెచ్‌డీ అయినవారు బ్రిటన్‌లో పరిశోధన చేయడానికి అది ఇచ్చే ఫెలోషిప్‌లలో ఒకటి నార్మన్ లాక్యర్ పేరు మీద ఉంది.

లాక్యర్ పేరు వినగానే మన గుంటూరు గుర్తుకు రావాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేని రోజున కూడా వర్ణపటదర్శినితో చూడవచ్చని ఆయన మర్నాడే నిరూపించారు. రెండు నెలల తరువాత లాక్యర్ ఇంగ్లండ్‌లో విడిగా అదే పని చేశారు. ఆ వెలుగులో కనిపించిన పసుపు గీత భూమ్మీద ఎరిగిన ఏ మూలకానిదీ కాదని తేలింది. దానికి సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద హీలియం దొరికింది 1895లో.

అమెరికాలో నాసా హబుల్ ఫెలోషిప్ ప్రోగ్రాం ప్రసిద్ధమైనది. ఐన్‌స్టీన్, హబుల్, సేగన్ అనే మూడు విభాగాల్లో, మూడేళ్ల వరకు ఇస్తారు. ఏ దేశస్థులైనా దరఖాస్తు చేయవచ్చు.

మన దేశంలో

పుణెలోని ఐయూకా, ఎన్‌సీఆర్‌ఏ, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, నైనిటాల్‌లోని ఏరీస్ సంస్థల్లో ఖగోళ పోస్ట్ డాక్‌లు ఉంటారు. భూభౌతిక శాస్త్రానికి మన హైదరాబాదే పెద్ద కేంద్రం. 1961లో మొదలైన ఎన్‌జీఆర్ఐ ఉప్పల్ రోడ్డులో ఉంది. సునామీ హెచ్చరికలు జారీ చేసే ఇన్‌కాయిస్ కూడా నగరంలోనే ఉంది.

భూభౌతిక శాస్త్రం అంటే మనకు దూరపు విషయమేమీ కాదు. పల్లెల్లో బోరు పాయింట్ కోసం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవారిని చూస్తుంటాం. భూమిలోకి కరెంటు పంపి, రాతి పొరలు దాన్ని ఎంత అడ్డుకుంటున్నాయో కొలిచి నీటి జాడ చెప్పడం భూభౌతిక పద్ధతి. భూకంప తరంగాలను చదివి భూమి లోపలి నిర్మాణాన్ని తెలుసుకోవడమూ ఇదే శాస్త్రం.

జాతీయ స్థాయిలో నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండేళ్లకు ఇస్తూ వచ్చారు. దీనికి వయోపరిమితి 35 ఏళ్లు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు ఐదేళ్ల సడలింపు ఉంటుంది. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ ఐదేళ్లది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఎప్పటికప్పుడు అసలు నోటిఫికేషన్ చూసుకోవాలి.

లెక్క సూటిగా చూద్దాం

ఇంటర్ అయ్యేసరికి పదిహేడు, పద్దెనిమిదేళ్లు. డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్లు. పీహెచ్‌డీ ఐదారేళ్లు. ఒకటో రెండో పోస్ట్ డాక్‌లు. శాశ్వత ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటి మూడు నాలుగేళ్లు కావచ్చు. ఈలోగా ఊళ్లు, దేశాలు మారాల్సి రావచ్చు. పైగా అధ్యాపక పోస్టుల కన్నా పోస్ట్ డాక్‌ల సంఖ్యే ఎక్కువ. ఈ మాట పిల్లలకు ముందే చెప్పడం మంచిది.

రెండో వైపు కూడా చూడండి. ఫెలోషిప్‌తో పీహెచ్‌డీలో చేరాక సాధారణంగా మీరు డబ్బు పంపాల్సిన పని లేదు. 2023 జనవరి నుంచి కేంద్ర సంస్థల్లో జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు, సీనియర్‌కు 42,000 ఇస్తున్నారు. పీహెచ్‌డీ తరువాత రీసెర్చ్ అసోసియేట్‌కు స్థాయిని బట్టి 58,000 నుంచి 67,000 వరకు ఉంటుంది. ఇంటి అద్దె భత్యం అదనం. అధ్యాపక ఉద్యోగం రాకపోయినా డేటా సైన్స్, సాఫ్ట్‌వేర్ రంగాలు ఉన్నాయి. జియోఫిజిక్స్ వారికైతే పీజీతోనే ఓఎన్‌జీసీ, యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష వంటి దారులు తెరిచి ఉంటాయి.

అమ్మాయిల విషయంలో ఒక మాట. పీహెచ్‌డీ, పోస్ట్ డాక్ కాలం సరిగ్గా ఇంట్లో పెళ్లి మాటలు నడిచే వయసులోనే వస్తుంది. పెళ్లి వద్దని కాదు. ఆమె చదువు ఇంకా ఎన్నేళ్లుందో రెండు కుటుంబాలూ ముందే మాట్లాడుకుంటే, మధ్యలో ఆపేయాల్సిన పరిస్థితి రాదు. విరామం తీసుకున్న మహిళలు తిరిగి పరిశోధనలోకి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ప్రత్యేక పథకాలు నడుపుతోంది.

ఇప్పటి నుంచి ఏం చేయాలి?

1. ఎనిమిది నుంచి పది తరగతులు: గణితం, ఫిజిక్స్ పునాది ముఖ్యం. స్టెల్లేరియం వంటి ఉచిత యాప్‌తో డాబా మీద నక్షత్రాలను గుర్తుపట్టించండి. చూసినది తేదీ వేసి నోటుబుక్కులో రాయించండి.

2. ఇంటర్: ఎంపీసీతో పాటు ఖగోళ ఒలింపియాడ్ తొలి మెట్టు అయిన ఎన్‌ఎస్‌ఈఏ పరీక్ష రాయించవచ్చు. ఐఐటీలే కాదు, ఐసర్‌లు, నైసర్, ఐఐఎస్‌సీ, ఐఐఎస్‌టీలు కూడా ఈ దారికి మంచి ద్వారాలు. జియోఫిజిక్స్ కోర్సులు ధన్‌బాద్, ఖరగ్‌పూర్, రూర్కీ ఐఐటీల్లో ఉన్నాయి. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో కూడా ఉన్నాయి.

3. కంప్యూటర్: పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టనివ్వండి. నేటి ఖగోళ శాస్త్రవేత్త టెలిస్కోప్ దగ్గర కన్నా కంప్యూటర్ ముందే ఎక్కువసేపు గడుపుతారు.

4. రాయడం: ఫెలోషిప్ దరఖాస్తులో పరిశోధన ప్రతిపాదన, ప్రచురించిన పేపర్లు, గురువుల సిఫారసు లేఖలు చూస్తారు. మార్కుల షీటు ఒక్కటే చాలదు. తెలుసుకున్నదాన్ని ఒక పేజీలో స్పష్టంగా రాయడం ఇప్పుడే అలవాటు చేయండి.

ఈ నెల మీ బిడ్డను మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఆకాశంలోనో, భూమిలోనో నీకు అర్థం కాని విషయం ఏది? దాని గురించి ఇంతవరకు ఏం చదివావు? జవాబు దొరకడానికి ఏళ్లు పట్టినా వెతుకుతావా? మూడో ప్రశ్నకు వెంటనే జవాబు రాకపోయినా ఫరవాలేదు, ఆలోచించుకోనివ్వండి. మొదటి రెండింటికీ ఉత్సాహంగా చెబుతుంటే మాత్రం మా ఫిజిక్స్ అధ్యాపకుల దగ్గరకు తీసుకురండి. కలిసి మాట్లాడుదాం.