ఆందోళనకు మూలమును వెదకు విధము



ఆందోళనము అను సంస్కృత పదమునకు ఊగుట యని అర్థము. ఊయెల యొకచోట నిలువనట్లు, రాబోవుదానిని గూర్చిన తలంపు మనస్సును ముందునకును వెనుకకును ఊపుచుండును. భయము వేరు, ఇది వేరు. కాలి ముందర పామున్నచో భయము కలుగును; పాము పోగానే అదియు పోవును. ఆందోళనకు ఎదుట వస్తువు కానరాదు. కావుననే అది ఎప్పుడు తొలగునో తెలియదు. మన ఇండ్లలో దీనికి ఎన్ని పేర్లున్నవో చూడుడు: దిగులు, బెంగ, గుబులు, గాబరా, దడ. దూరమైన వారిని తలచుకొనగా కలుగునది బెంగ. గుండెలో తెలియునది దడ. పేర్లిన్ని యున్నను, ఇది దేనివలన మొదలైనదని అడుగు అలవాటు మాత్రము మనకు తక్కువ. "ఊరికే గాబరా పడకు" అని చెప్పి ఊరకుందుము.

"ఊరికే" అనుట సత్యము కాదు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున శరీరశాస్త్రాచార్యుడైన వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. ఆపద తోచినంతనే దేహము పోరాడుటకో, పారిపోవుటకో సిద్ధపడును. మూత్రపిండముల పైనున్న గ్రంథులనుండి అడ్రినలిన్ రక్తమున కలియును. గుండె వేగముగ కొట్టుకొనును, ఊపిరి త్వరపడును, అరచేతులు చెమర్చును, జీర్ణక్రియ మందగించి కడుపులో త్రిప్పినట్లగును. పాము ఎదురైనప్పుడు ఇది ప్రాణరక్షకము. చిక్కేమనగా, ఆపద ఎదుటనున్నదా, తలంపులోనున్నదా యని దేహము విచారింపదు. ఒక చప్పుడో, వాసనయో, మాటయో పూర్వపు దుఃఖముతో ముడిపడియున్నచో అదియే చాలును. ఆ ముడి మనకు తెలియకయే యుండవచ్చును.

ఈ సంగతిని నేను గ్రంథములవలన కంటె అనుభవమువలన నేర్చితిని. కొన్ని సంవత్సరముల క్రిందట, పదవ తరగతి జవాబు పత్రములు దిద్దు దినములలో, తెల్లవారుజామున గుండె దడదడ కొట్టుకొని మెలకువ వచ్చుచుండెను. చేతులు వణకుచుండెను. పూజకు కూర్చున్నను చూపు నిలువకుండెను. గుండెజబ్బేమో యని జిల్లా కేంద్రమునకు పోయి వైద్యునికి చూపించుకొంటిని. ఇ.సి.జి. తీసిరి, థైరాయిడు కొరకు రక్తము పరీక్షించిరి. దోషమేమియు కానరాలేదు. ఆ వైద్యుడు చిరునవ్వుతో, "సారూ, ఇన్నేళ్లు పిల్లల నోటుబుక్కులు మీరు దిద్దారు. ఇప్పుడు మీరొకటి రాసి తీసుకురండి, నేను దిద్దుతాను" అనెను.

దడ వచ్చిన ప్రతిసారి వ్రాయవలసినవి ఇవి: గంట, చోటు, అంతకుముందు తిన్నది త్రాగినది, రాత్రి నిద్ర, ఆ క్షణమున చెవిని పడినది లేక మనస్సున మెదలినది. కారణము ఊహించి వ్రాయరాదు. జరిగినది మాత్రమే వ్రాయవలెను. ఈ చివరి నియమమే కఠినము. ఏలయనగా, కారణము నాకు ముందే తెలియునని నా నమ్మకము. కుమార్తె వివాహమునకు చేసిన అప్పే అది. నా భార్యయు అదియే అనుచుండెను.

మూడు వారముల పుటలు వేరు కథ చెప్పినవి. బ్యాంకు వాయిదా కట్టిన దినమున దడ లేదు. వాయిదా తప్పునేమోయని లెక్కలు వేసికొన్న రాత్రి దాటిన పిదపను లేదు. దడ వచ్చిన దినములలో పెక్కింటికి, ముందటి సాయంకాలము ఆరు దాటిన పిదప రెండు గ్లాసుల చిక్కని టీ కలదు. మిగిలిన దినములందు తెల్లవారకముందే మ్రోగిన ఫోను కలదు. ఒకనాడు పాలవాడు; ఒకనాడెవరో తప్పు నంబరు; ఒకనాడు ప్రక్కింటివారి ఫోను గోడకావల మ్రోగినది. దానికిని నా చేతులు వణకినవి.

ఆ పుట చూచి వైద్యుడు, "తెల్లవారుజామున ఫోనులో ఎప్పుడైనా చెడువార్త విన్నారా?" అని యడిగెను. అంతకు నాలుగేండ్ల క్రిందట మా తండ్రిగారు లింగైక్యులైన వార్త నాకట్లే వచ్చినది. మూడు వారములలో ఒక్క పుటయందును నేనా మాట వ్రాసియుండలేదు. కొంతసేపు మాటాడలేకపోతిని.

మూలము తెలిసిన పిదప చేయవలసిన పని అన్నిటికిని ఒకటి కాదు. టీ సంగతి సులభము. టీలోను కాఫీలోను గల కెఫీను త్రాగిన ఐదారు గంటలకు కూడ సుమారు సగము దేహమున నిలిచియుండును. కొందరిలో ఇంకను ఎక్కువ. ఒక్కసారిగ మానినచో తలనొప్పి వచ్చును గనుక క్రమముగ తగ్గించి, సాయంకాలపు టీ మానివేసితిని.

ఫోను సంగతి అట్లు కాదు. మొదట నేను చేసినది రాత్రి ఫోను ఆపివేయుట. పది దినములు సుఖముగ నిద్రించితిని. పిదప, ఎవరికైన ఏమైన జరిగి నాకు తెలియకపోయినచో ఎట్లను క్రొత్త దిగులు మొదలై, నడిరాత్రి లేచి ఫోను తెరచి చూచుట అలవాటైనది. తప్పించుకొన్నకొలది భయము పెరుగును. నిజముగ హాని గలదానిని తప్పించుకొనుట వివేకమే. కాని హాని లేనిదానిని తప్పించుకొనుచున్నచో, అది హాని చేయదని తెలిసికొను అవకాశము దేహమునకు చిక్కదు. వైద్యుని సలహాపై, ఊరిలోనున్న నా తమ్మునితో ప్రతిదినము ఐదు గంటలకు ఫోను చేసి ఏదో యొక సాధారణ విషయము చెప్పుమంటిని. మొదటినాడు మ్రోగినంతనే గుండె గుభేలుమన్నది. వాడు, "అన్నా, మన బర్రె ఈనింది" అనెను. మరునాడు బోరు మోటారు కాలినదని చెప్పెను. మూడవనాడు చెప్పుటకేమియు లేక, "ఏం చెప్పాలన్నా?" అని నన్నే యడిగెను. దడ వచ్చినను ఫోను పెట్టివేయక, అది తగ్గువరకు మాటాడుచుంటిని. నెల తిరుగునప్పటికి ఒక చిన్న ఉలికిపాటు మాత్రమే మిగిలినది. ఇప్పటికిని ఉన్నది, ఉండినను నష్టము లేదు.

ఆస్ట్రేలియా వైద్యురాలు క్లేర్ వీక్స్ 1962లో ప్రచురించిన గ్రంథము నాడు నాకు ఉపకరించినది. ఆమె భయమును రెండుగ విభజించినది. మొదటిది దేహము తనంత తాను పుట్టించునది. రెండవది, "అయ్యో, మరల వచ్చె, ఏమైపోదునో" యని మనము దానికి చేర్చునది. మొదటిదానితో పెనుగులాడక రానిచ్చినచో కొంతసేపటికి దిగిపోవును. రెండవది చేరినప్పుడే అది ఆరని మంటయగును. ఊపిరి సంగతియు ఇట్టిదే. త్వరత్వరగ ఊపిరి తీసినచో రక్తమున బొగ్గుపులుసు వాయువు తగ్గి, వ్రేళ్లు తిమ్మిరెక్కును, తల తిరుగును. దానిని చూచి మరింత భయము. మెల్లగ పీల్చి, అంతకంటె నిడుపుగ విడుచుచు ఐదు నిమిషములు కూర్చుండుట మేలు.

నా అనుభవమైన తరువాత తరగతిలో ఒక బాలిక విషయము తటస్థించినది. తరచు కడుపునొప్పి. లెక్కలనిన భయమని ఇంటివారు చెప్పిరి. తల్లిచేత తేదీలు వ్రాయించితిని. లెక్కల పరీక్షల దినములలో నొప్పి లేదు. ఏ పరీక్షవైనను, మార్కులు తరగతిలో బిగ్గరగ చదువు దినములందే కలదు. వాటిని చదువుచుండినది నేనే. పిల్లలలో పౌరుషము పెంచుటకే అట్లు చేయుచున్నానని దాదాపు ముప్పది యేండ్లు నమ్మియుంటిని. నాటినుండి ఎవరి మార్కులు వారికి చీటీపై వ్రాసి యిచ్చుచున్నాను. ఆ బాలికకు నొప్పి తగ్గినది. అంతకుముందు ఎందరికి కలిగించితినో లెక్క తెలియదు.

అన్నిటిని నోటుపుస్తకమునకే వదలరాదు. ఛాతీలో నొప్పియో బరువో చేతికిగాని దవడకుగాని ప్రాకి, చెమటలు పట్టినచో, ఆందోళనయని ఇంటిలో తీర్పు చెప్పక వెంటనే ఆస్పత్రికి పోవలెను. థైరాయిడు గ్రంథి అతిగ పనిచేయుట, రక్తహీనత, ఉబ్బసమునకు వాడు కొన్ని మందులు, మద్యము హఠాత్తుగ మానుట, ఇవియు దడను వణకును కలిగించును. వారముల తరబడి నిద్ర లేకున్నను, పనికి పోలేకున్నను, బ్రతుకుపై విరక్తి మాటలు వినవచ్చినను మానసిక వైద్యునికి చూపవలెను. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణమునను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. ఎర్రగడ్డ యను పేరు విన్నంతనే నవ్వువారు మనలో నున్నారు. ఆ నవ్వునకు జడిసి రోగిని ఇంటిలో దాచిన కుటుంబములను నేనెరుగుదును. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రేయింబవళ్లు, ఉచితముగ, తెలుగులోనే మాటాడవచ్చును.

మరియొక మాట. అల్ప్రాజోలామ్ వంటి మాత్రలు ఒకరికి వైద్యుడు వ్రాసినవి వేరొకరు అడిగి తెచ్చుకొని వేసికొనుట మా వీధిలోనే చూచుచున్నాను. అవి అలవాటుగ మారును. కొంతకాలము వాడి హఠాత్తుగ మానినచో దడ మునుపటికంటె హెచ్చును, మూర్ఛయు రావచ్చును. ఇప్పటికే వాడుచున్నవారు తమంత తాము మానక, వైద్యునికి చెప్పి క్రమముగ తగ్గించుకొనవలెను.