మూలన పడ్డ కంప్యూటర్‌లో పాఠం వినిపించండి



ప్రతి శుక్రవారం క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఇంగ్లిష్ పాఠం చదివి వాయిస్ మెసేజ్ పెడుతున్నాను. "కాలువ నీళ్లు వదిలితే మా ఆయన ఫోన్ తీసుకొని పొద్దుగాలనే పొలం పోతరు మేడం, పాప ఎప్పుడు వినాలె?" అని మహమ్మద్‌నగర్ నుంచి వచ్చే ఒక అమ్మ పేరెంట్స్ మీటింగ్‌లో అడిగారు. ఫోన్ ఇంట్లో ఉంటే పాఠం పోయి రీల్స్ వస్తాయని ఇంకొకరు అన్నారు. రెండూ నిజమే. అయితే చాలా ఇళ్లలో అన్నయ్య డిగ్రీ నాటి కంప్యూటర్ ఒకటి కవర్ కప్పుకొని ఉంది. పాఠం వినడానికి అది చాలు.

ఒక్కటే చిక్కు. వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఓపస్ అనే రకం ఫైలు. పాత విండోస్‌తో వచ్చిన మీడియా ప్లేయర్ దాన్ని తెరవలేదు. స్పీకర్ పాడైందని అనుకోకండి. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వేసుకుంటే ఓపస్, ఎంపీ3 రెండూ వినిపిస్తుంది. 1996లో పారిస్ దగ్గర ఇంజినీరింగ్ విద్యార్థులు మొదలుపెట్టిన పని ఇది. ప్రకటనలు ఉండవు. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఉన్నా నడుస్తుంది.

దాన్ని వీడియోలాన్ డాట్ ఆర్గ్ సైట్ నుంచే తీసుకోండి. కనిపించిన మొదటి డౌన్‌లోడ్ బటన్ నొక్కి, మా ఇంటి కంప్యూటర్‌లో అక్కర్లేని టూల్‌బార్లు తెచ్చుకున్నదాన్ని నేను! పాత కంప్యూటర్ కాబట్టి విండోస్ 32 బిట్ ఫైలు ఎంచుకోండి. వేరే కంప్యూటర్‌లో దించి పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుంటే మేలు. విండోస్ ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కి 2020లో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. వాటికి నెట్ పెట్టకండి, వినడానికి నెట్ అవసరమే లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్ నొక్కుతూ పోతే చాలు. స్పీకర్ పిన్ను వెనకాల ఆకుపచ్చ రంధ్రంలో పెట్టండి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ పాతది చూపిస్తుంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట, వినడానికి అదేం అడ్డు కాదు.

ఫోన్‌కి కేబుల్ పెట్టి, 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకొని, వాట్సాప్ వాయిస్ నోట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లను కాపీ చేసుకోండి. ఎక్స్‌పీ ఒక్కోసారి ఫోన్‌ని గుర్తించదు. అప్పుడు ఫోన్‌కి పెట్టుకునే ఓటీజీ పెన్ డ్రైవ్ వాడండి. పాటలూ ఎక్కించుకోవచ్చు. మామూలు ఎంపీ3 నిమిషానికి సుమారు 1 ఎంబీ, అంటే 1 జీబీలో 16 గంటలు పడతాయి.

ఇక అసలు పని. పాఠం నడుస్తుండగా ఎడమ చదరపు బ్రాకెట్ కీ రెండుసార్లు నొక్కితే వేగం 0.80కి తగ్గుతుంది, గొంతు మాత్రం మారదు. షిఫ్ట్ పట్టుకొని ఎడమ బాణం నొక్కితే 3 సెకన్లు వెనక్కి పోతుంది. ఒక వాక్యం వినిపించి, స్పేస్ బార్‌తో ఆపి, పిల్లల్ని అనమనండి. 'స్కూల్'ని 'ఇస్కూల్' అనే పిల్లలు మా క్లాసులో చాలామంది. ఇలా నాలుగైదుసార్లు వింటే ఆ 'ఇ' వాళ్ల చెవికే తెలుస్తుంది. మీకు ఇంగ్లిష్ రాకపోయినా పర్వాలేదు, పక్కన కూర్చుంటే చాలు.

గల్ఫ్‌లో ఉన్న నాన్నల వాయిస్ మెసేజ్‌లూ ఇలాగే ఎక్కించుకోవచ్చు. మా క్లాసు పాప ఒకతె వాటికి 'డాడీ' అని ఫోల్డర్ పెట్టుకుంది. నా పాఠాల కంటే అందులోనే ఫైళ్లు ఎక్కువ ఉన్నాయట.