మొగ దగ్గర నీళ్లు ఎందుకు రేగుతాయి?

అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు.

ఒకరోజు తాతా మనవడూ వేట ముగించుకుని పడవలో తిరిగి వస్తున్నారు. మధ్యాహ్నం 3 గంటలైంది. చేపలు బాగా పడ్డాయి. మొగ ముందర మాత్రం నీళ్లు తెల్లగా నురగలు కక్కుతున్నాయి. తాత ఇంజను ఆపి, లోతు నీటిలో లంగరు వేశాడు.

"పోదాం తాతా! ఆలస్యమైతే చేపలు కొనేవాళ్లు వెళ్లిపోతారు" అన్నాడు మనవడు.

"ఆగరా. ఇప్పుడు పాటు. నీరు సముద్రంలోకి లాగుతోంది. గాలేమో సముద్రం మీద నుంచి కొడుతోంది. రెండూ ఎదురుపడ్డాయి."

"తెల్లవారుజామున 3 గంటలకు మనం వచ్చినప్పుడూ పాటే కదా? అప్పుడు నీళ్లు ఇలా లేవే?"

"అప్పుడు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీచింది. గాలీ నీరూ ఒకే దారిన పోయాయి."

తాత చెప్పింది నిజమే. గాలి నీటిని రాసుకుంటూ పోతే అలలు పుడతాయి. సైకిలు మీద గాలికి ఎదురుగా వెళితే గాలి ఎక్కువ కొట్టినట్టుంటుంది. గాలి వాలున వెళితే తక్కువ అనిపిస్తుంది. నీటి సంగతీ అంతే.

ఈ లెక్క చూడండి. గాలి గంటకు 20 కిలోమీటర్లు, నీరు గంటకు 5 కిలోమీటర్లు పోతున్నాయనుకుందాం.

ఒకే దారి అయితే: 20 - 5 = 15
ఎదురెదురైతే: 20 + 5 = 25

గాలి అదే. కానీ నీటికి తగిలే దెబ్బ పెరిగింది.

ఇంకో సంగతి. ఎదురు నీరు తగిలితే అలలు దగ్గర దగ్గరగా వస్తాయి. ఎత్తు పెరుగుతాయి. గోడలా లేచి విరిగిపడతాయి. మొగలో ఇసుక మేటలుంటాయి. అక్కడ లోతు తక్కువ. అందుకని అలలు ఇంకా లేస్తాయి. చిన్న పడవ అడ్డం తిరిగితే బోల్తా పడుతుంది.

సాయంత్రం 5 దాటాక పోటు మొదలైంది. నీరు గాలితోపాటు లోపలికి నడిచింది. నురగలు తగ్గాయి. తాత పడవను లోపలికి తెచ్చాడు. ఆ రోజు చేపలకు సగం ధరే వచ్చింది. మనవడు చిన్నబుచ్చుకున్నాడు.

"చేపలు రేపు కూడా పడతాయిరా. పట్టడానికి మనం ఉండాలి గదా!" అన్నాడు తాత.

గుర్తుంచుకోండి

1. బయలుదేరే ముందు గాలి ఎటు వీస్తోందో, నీరు ఎటు పోతోందో చూడాలి.
2. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు, పాటు జోరుగా ఉంటాయి.
3. వరద రోజుల్లో పోటు వేళ కూడా నీరు సముద్రంలోకే లాగవచ్చు. అప్పుడు మొగ దాటవద్దు.
4. పడవలో ఉన్న ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి.

ఆలోచించి చెప్పండి

1. తాత ఎన్ని గంటలు ఆగాడు?
2. గాలి 30, ఎదురు నీరు 6 అయితే మొత్తం ఎంత?
3. మీ ఊళ్లో పడవ ఎక్కేవారికి మీరు ఏం చెబుతారు?